ఓడిన చేపకు దారేది?

ఎల్లంతకుంట మండలంలో అనంతగిరి దగ్గరి అన్నపూర్ణ జలాశయంలో 3.5 టీఎంసీల నీళ్లు పడతాయి. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే రెండడుగుల గాజు తొట్టిలో పట్టేవి 54 లీటర్లు. సిక్లిడ్ జాతి చేపల కొట్లాట అర్థం కావాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

సిక్లిడ్‌లు మనకు కొత్తవేం కాదు. 1952లో దేశంలోకి వచ్చి చెరువుల్లో స్థిరపడిన తిలాపియా, అదే మన జిలేబి చేప, ఆ కుటుంబానిదే. మగ జిలేబి అడుగు మట్టిలో గుంత తవ్వి కాపలా కాస్తుంది. ఇంకో మగది దగ్గరికొస్తే రెక్కలు విప్పి బెదిరిస్తుంది, కాదంటే మూతితో పొడుస్తుంది. ఓడింది పారిపోతుంది, గెలిచింది గుంత దగ్గరికి తిరిగొస్తుంది. చెరువులో పోరు అంతటితో సరి.

తొట్టిలో పారిపోవడానికి చోటేది? ఓడిన చేప ఎటు తిరిగినా గెలిచినదాని కళ్లముందే ఉంటుంది. ఇంకా పోలేదు కాబట్టి ఇంకా కొట్టాలి. రెక్కలు చిరిగి, పొలుసులు రాలి, తెల్లారేసరికి ఓ చేప తేలుతుంది. చూసినవాళ్లు ‘పొగరు చేప’ అంటారు గానీ తప్పు చేపది కాదు, కొలతది.

దీన్ని శాస్త్రవేత్తలూ పరీక్షించారు. అమెరికాకు చెందిన రొనాల్డ్ ఓల్డ్‌ఫీల్డ్ మైడాస్ సిక్లిడ్ పిల్లల మీద చేసిన పరిశోధన 2011లో అచ్చయింది. మామూలు తొట్ల సైజు కాస్త పెంచినా, చేపల సంఖ్య మార్చినా పెద్దగా ఫలితం లేదు. 400 లీటర్లకు పైబడిన తొట్టిలో దాక్కునే మరుగులు కూడా పెడితేనే కొట్లాట తగ్గింది. 

అంతకన్నా విచిత్రమైన సంగతి జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1963 నాటి తన పుస్తకంలో రాశాడు. తర్వాత 1973లో నోబెల్ అందుకున్నది ఈయనే. జంటగా ఉన్న సిక్లిడ్‌లకు ఇరుగుపొరుగు శత్రువే లేకుండా చేస్తే మగది సొంత ఆడదాని మీదే పడుతుంది. గాజు పలక అడ్డుపెట్టి అవతల ఇంకో జంటను ఉంచితే, మగవి రెండూ అద్దంలోంచి ఒకదాన్నొకటి బెదిరించుకుంటూ ఇంట్లో బుద్ధిగా ఉంటాయట!

మన అక్వేరియం షాపుల్లో ఈ కోపిష్టి వంశానికి ప్రతినిధి ఫ్లవర్‌హార్న్. నుదుటి మీద ఎత్తైన బొడిపె, ఒంటి మీద నల్లమచ్చల వరస. వాస్తు చేపనీ, అదృష్టం తెస్తుందనీ అమ్ముతారు. నిజానికి అది ఏ నదిలోనూ సహజంగా పుట్టింది కాదు. 1990లలో మలేసియా, తైవాన్ పెంపకందార్లు మధ్య అమెరికా సిక్లిడ్‌లను సంకరం చేసి పుట్టించారు. అడుగు పొడవు పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదేళ్లు బతుకుతుంది. కొనేనాటి బొటనవేలంత పిల్లను చూసి తొట్టి ఎంచుకుంటే ఏడాది తిరక్కుండానే ఇబ్బంది మొదలవుతుంది.

దీనికి నాలుగడుగుల తొట్టి కావాలి, అందులోనూ ఒక్కటే చేప. తోడు పెట్టాలనే జాలి ఇక్కడ పనికిరాదు. గులకరాళ్లు తవ్విపోస్తుంది, మొక్కలు పీకేస్తుంది, గాజు హీటర్‌ను పగలగొట్టగలదు. బోరునీళ్లలో ఉండే సున్నం చాలా చేపలకు పడదు, మధ్య అమెరికా సిక్లిడ్‌లకు మాత్రం ఇబ్బంది లేదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు తెరిచి ఉంచాలి.

బాగా తినే చేప కాబట్టి విసర్జించే అమ్మోనియా కూడా ఎక్కువే. ఆ విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే తొట్టి, చేప ఒకే రోజు కొనడం మంచిది కాదు. తర్వాత వారానికోసారి పావువంతు నీళ్లు మార్చాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు అసలు పరీక్ష ఎండాకాలం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాముల పైచిలుకు కరిగే ఆక్సిజన్, 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములే కరుగుతుంది. ఆ సమయంలో కరెంటు పోతే? బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.

ఇంత చేయలేమనిపిస్తే ఇంకో చేపను ఎంచుకోవడమే మేలు. ఇప్పటికే తెచ్చుకుని విసిగినవాళ్లు మాత్రం దాన్ని మానేరులోనో ఊరి చెరువులోనో వదలొద్దు. మలేసియా, సింగపూర్ జలాశయాల్లో ఫ్లవర్‌హార్న్‌లు చేరింది ఇలా వదిలిపెట్టిన చేతుల నుంచే. షాపుకు తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు అప్పగించండి.