లారీకి జోడు బ్యాటరీలు ఎందుకు?

షోలాపూర్ పూర్వభాగ్‌లో మగ్గాల చప్పుడు తగ్గిన గల్లీల్లో ఇప్పుడు స్టీరింగ్ పట్టిన పిల్లలు ఎక్కువయ్యారు. చద్దర్లు, టవల్స్ వేసుకుని నల్దుర్గ్, ఉమర్గా, జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ పోయే బండ్ల మీద మనోళ్లు చాలామందే ఉన్నారు. నాది లారీల వైరింగ్ పని. వాళ్లు నా దగ్గరికి తెచ్చే తకరారుల్లో మొదటిది ఎప్పుడూ ఒకటే. "అన్నా, పొద్దుగాల సెల్ఫ్ తీస్కోలే. బ్యాటరీ నువ్వే ఖరాబ్ జేసినవని మాలక్ జీతంలకెల్లి కోస్తనంటుండు."

బ్యాటరీ ధర డ్రైవర్ జీతంలో చిన్న ముక్క కాదు. ఆ కోత న్యాయమో కాదో తేల్చాలంటే, అసలు లారీకి రెండు బ్యాటరీలు ఎందుకు పెడతారో తెలియాలి. చాలామంది రెండోది స్పేర్ అనుకుంటారు. స్పేర్ కానే కాదు.

పెట్రోల్ ఇంజన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. డీజిల్ ఇంజన్‌కు ఆ ప్లగ్గే లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చెయ్యి పెట్టనీయదు కదా, అదే సంగతి. పెట్రోల్ ఇంజన్ గాలిని సుమారు పదో వంతుకు నొక్కితే, లారీ ఇంజన్ 16, 18వ వంతుకు నొక్కుతుంది. గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1890లలో పట్టుకున్న కిటుకు ఇది.

నడుస్తున్న ఇంజన్ తన ఊపుతోనే ఈ పని చేసుకుంటుంది. ఆగిన ఇంజన్‌కు సెల్ఫ్ మోటరే దిక్కు. అది కూడా మెల్లగా తిప్పితే లాభం లేదు. నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది, పుట్టిన వేడిని సిలిండర్ గోడలు తాగేస్తాయి. నిమిషానికి వంద చుట్లకు పైగా తిరిగితేనే పని. చలికాలం తెల్లవారుజామున ఆయిల్ చిక్కబడి ఇంజన్ బరువెక్కుతుంది, అదే చలికి బ్యాటరీ బలమూ తగ్గుతుంది.

సెల్ఫ్ మోటరు 4 కిలోవాట్లు లాగుతుందనుకుందాం. ఒక హెచ్‌పీ మగ్గం మోటర్లు ఐదింటికి పైనే. 12 వోల్టులతో ఆ బలం రావాలంటే 330 ఆంపియర్లకు పైగా కావాలి. 24 వోల్టులైతే సుమారు 167 చాలు. కరెంటు సగమైతే, అదే వైరులో వేడిగా దండగయ్యేది నాలుగో వంతుకు పడిపోతుంది. లారీ 24 వోల్టుల మీద నడవడానికి కారణం ఇదే.

బ్యాటరీలో ఒక్కో గది 2 వోల్టులు, ఆరు గదులకు 12. టార్చిలైటులో సెల్లులు ఒకదాని వెనక ఒకటి వేసినట్టు రెండు బ్యాటరీలను కలిపితే 24. ఒకే పెట్టెలో చేస్తే ఇద్దరు కూడా ఎత్తలేరు. 12 వోల్టులదైతే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. కార్ఖానాల్లో పెద్ద జనరేటర్లకు కూడా అందుకే జోడు బ్యాటరీలు ఉంటాయి.

గొడవంతా ఈ జోడు విడిపోయినప్పుడే. టేప్, చిన్న ఫ్యాను, ఫోన్ చార్జర్ చాలావరకు 12 వోల్టులవి. వాటి కోసం ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగుతారు. రాత్రంతా అది ఒక్కటే ఖాళీ అవుతుంది. పొద్దున ఇంజన్ నడిచాక ఆల్టర్నేటర్ రెండింటికీ కలిపి 28 వోల్టులు ఇస్తుంది, చెరి 14 అనుకుని. దానికి విడివిడిగా కనబడదు. ఖాళీది 13 దగ్గరే ఆగితే నిండినది 15 తింటుంది. కడుపు నిండినోడికే మళ్లీ వడ్డించినట్టు. నిండినది నీళ్లు మరిగి ఎండుతుంది, ఖాళీది ప్లేట్లు గట్టిపడి చస్తుంది. ఆ తర్వాత మాలక్ పైసలు మిగిలించుకుందామని ఒక్కటే కొత్తది వేయిస్తాడు. పాత దాని పక్కన కొత్తది కూడా అదే దారిన పోతుంది.

అందుకే కోత మాట రాగానే మీటర్ పెట్టి రెండింటినీ విడివిడిగా కొలిపించండి. రాత్రంతా ఆగిన బండిలో మంచి బ్యాటరీ ఒక్కోటి 12.6 దగ్గర ఉండాలి. ఒకటి 12.6, ఇంకోటి 11.9 ఉంటే, ముందు ఆ 12 వోల్టుల వైరును వెతకాలి. వైరు లేకపోతే బ్యాటరీలో గది పోయిందేమో చూడాలి. రెండూ సమానంగా పడిపోతే లైట్లు ఆర్పలేదేమో, ఆల్టర్నేటర్ చార్జ్ చేయట్లేదేమో చూడాలి.

పోయిన చలికాలం మన గల్లీ పిల్లవాడొకడు ఇదే తకరారుతో వచ్చాడు. వాడు ఆ బండి ఎక్కి రెండు నెలలే. సీటు కింద వైరుకు చుట్టిన టేపు ఎండి పొట్టు రాలుతోంది, దాని మీద ఏళ్ల దుమ్ము. వాడు రాకముందే ఎవరో వేయించిన వైరు అది. మాలక్‌ను పిలిచి చూపించాను. సగం కోత మాఫ్ చేశాడు. మిగతా సగం నెలనెలా కోస్తూనే ఉన్నాడు. నా లెక్కలో అది కూడా అన్యాయమే. వైరు ఎవరు వేయించారో అడగకుండా బ్యాటరీ డబ్బులు డ్రైవర్ మీద వేయకూడదు.

మందు కష్టమైంది కాదు. 24ను 12 చేసే కన్వర్టర్ పెట్టిస్తే రెండు బ్యాటరీలూ సమానంగా వాడకమవుతాయి. బ్యాటరీ ధరతో చూస్తే దాని ఖర్చు చాలా తక్కువ. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే ఆంపియర్లవి వేయించాలి. చార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర బీడీ వద్దు. విప్పేటప్పుడు ముందు బాడీకి ఉన్న మైనస్ విప్పాలి, లేకపోతే పాన బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. యాసిడ్ కంట్లో పడితే డాక్టర్ దగ్గరికి పరుగెత్తేముందే అక్కడికక్కడ బాగా నీళ్లు కొట్టాలి.

ఇంట్లో రెండు బ్యాటరీల 24 వోల్టుల ఇన్వర్టర్ ఉన్నవాళ్లకూ ఇదే లెక్క. వైఫై డబ్బాకని ఒక్క బ్యాటరీ నుంచి వైరు లాగి ఉంటే, ఈ ఆదివారమే తీయించండి.