మేడ మీది ట్యాంకు, గోడలోని నల్లా

బాత్రూం గోడకు బిగించే నల్లా కోసం హార్డ్‌వేర్ షాపుకు వెళ్లినవాళ్లు ముందు మెరుపు చూస్తారు, తర్వాత ధర అడుగుతారు. అసలు షాపుకు బయల్దేరే ముందే ఒకసారి మేడెక్కి ట్యాంకు ఎంత ఎత్తున ఉందో చూసి రావాలి. 2015 నుంచి హైదరాబాద్ కోసం గోదావరి నీళ్లు ఎల్లంపల్లి దగ్గర బయల్దేరి, 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, శామీర్‌పేట వైపున్న ఘన్‌పూర్ రిజర్వాయర్లకు చేరుతున్నాయి. నగర శివారులోని జవహర్‌నగర్‌కు అదేమంత దూరం కాదు. కానీ అది గోదావరి నీరైనా, బోరు నీరైనా, ట్యాంకరు నీరైనా ఇంట్లోకి వచ్చే దారి ఒకటే: సంపులో పడాలి, మోటారుతో పైకెక్కాలి, తన బరువుతో తాను కిందికి దిగాలి. నల్లా తిప్పినప్పుడు మన చేతికి తగిలే బలం నగరానికి నీళ్లిచ్చే జలమండలిది కాదు, ఆ ట్యాంకుది.

లెక్క చాలా చిన్నది. పది మీటర్ల ఎత్తు నీటికి దాదాపు ఒక బార్ ఒత్తిడి. ఒకటే అంతస్తు ఇల్లనుకోండి. స్లాబు పది అడుగుల ఎత్తున, దానిపై మూడడుగుల దిమ్మె మీద ట్యాంకు, వాష్‌బేసిన్ నల్లా నేల నుంచి మూడడుగుల్లో. మధ్య మిగిలింది పదడుగులు, అంటే మూడు మీటర్లు, అంటే 0.3 బార్. అదే గోడకు ఏడడుగుల ఎత్తులో షవర్ పెడితే దానికి దక్కేది ఆరడుగులే, 0.2 బార్ కూడా నిండదు. ‘షవర్ పాడైంది’ అని ప్లంబర్‌ను పిలిచే ఇళ్లలో చాలాసార్లు పాడయ్యేందుకు ఏమీ ఉండదు. పైన ఇంకో అంతస్తు వేసి ట్యాంకును దానిమీదికి ఎక్కిస్తే కింది ఇంట్లో అదే నల్లాకు దాదాపు రెట్టింపు ఒత్తిడి దక్కుతుంది.

నల్లా చరిత్రంతా ఒత్తిడితో సాగిన పేచీయే. రోమన్లు కంచుతో చేసిన నల్లాలో ఒక బిరడా ఉండేది, దానికి అడ్డంగా ఒక రంధ్రం. బిరడాను పావు వంతు తిప్పితే రంధ్రం గొట్టానికి ఎదురుగా వచ్చి నీళ్లు పారేవి, ఇంకో పావు వంతు తిప్పితే ఠక్కున ఆగేవి. ఆ ఠక్కున ఆగడమే చిక్కు. పరుగెత్తే నీటిని ఒక్కసారిగా ఆపితే ఆ విసురు పైపును సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు నగరాల్లో ఆవిరి పంపులు పైపులను ఎప్పుడూ నిండుగా ఉంచడం మొదలెట్టాక ఆ పాత బిరడాలు కారిపోసాగాయి. 1845లో ఇంగ్లండ్‌లోని రోథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి కర్మాగారం మరలు తిప్పి మూసే నల్లాకు పేటెంటు తీసుకుంది. మర నెమ్మదిగా దిగుతుంది, దాని అడుగున మెత్తటి వాషర్ నీటి దారి మీద కూర్చుంటుంది. మనవాళ్లు షాపులో ‘బిబ్ కాక్’ అని అడిగే నల్లా దాని మనవడే.

మన దగ్గర పేచీ ఒత్తిడితో కంటే వృథాతో. వీధి కుళాయిని కట్టేయకుండా వెళ్లిపోయేవాళ్ల కోసం తిరువనంతపురానికి చెందిన జె.పి. సుబ్రమణ్య అయ్యర్ జైసన్ కుళాయి కనిపెట్టారు. కింది కాడను పైకి నొక్కినంతసేపే నీళ్లు, చెయ్యి తీస్తే బంద్. మనం గుర్తుపెట్టుకోవాల్సినంతగా ఆయన్ను గుర్తుపెట్టుకోలేదని నా ఫిర్యాదు.

వేడి, చల్లని నీళ్లను ఒకే పిడితో కలిపే నల్లా అమెరికాది. 1937లో ఆల్ మోయెన్ అనే విద్యార్థి రెండు పిడుల నల్లా తిప్పి చేతులు కాల్చుకున్నాడు. ఆ మంట నుంచి పుట్టిన సింగిల్ లివర్ 1947లో అమ్మకానికి వచ్చింది. 1970ల తర్వాత వాషర్ స్థానంలో అద్దంలా నునుపుచేసిన రెండు సిరామిక్ బిళ్లలు వచ్చాయి. ఒకదానిపై ఒకటి జారుతూ నీటిని వదులుతాయి, ఆపుతాయి. ఎంతో అందమైన ఏర్పాటు. కాకపోతే పైపుల్లో పగలూ రాత్రీ ఒత్తిడి ఉండే ఊళ్ల కోసం పుట్టింది. చాలా దిగుమతి మిక్సర్ల పెట్టె మీద కనీసం 0.5 బార్ అనో, 1 బార్ అనో రాసి ఉంటుంది. మన 0.3 బార్ ఇంట్లో అవి సన్నగా కారతాయి. ఆ అంకె చూడకుండా డబ్బు కట్టకండి.

ఒత్తిడి తర్వాత చూడాల్సింది నీరు. జవహర్‌నగర్ పేరు చెప్పగానే హైదరాబాద్ వాళ్లకు గుర్తొచ్చేది 300 ఎకరాలకు పైబడిన డంపింగ్ యార్డే. నగరం చెత్తంతా పోగైన ఆ గుట్టల నుంచి ఊరిన మురుగు మల్కారం చెరువును, చుట్టుపక్కల భూగర్భజలాన్ని పాడుచేసింది. యార్డుకు దూరంగా ఉన్న బోర్లలో కూడా ఉప్పు నీళ్లు పడడం మామూలే. తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేకపోతే 600 వరకు సహించవచ్చనీ భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. కాఠిన్యం ఉన్న నీటిని గీజర్‌లో కాస్తే అందులోని బైకార్బొనేట్లు విడిపోయి తెల్లటి సున్నపు పెచ్చుగా దిగుతాయి. అందుకే మిక్సర్‌లో వేడి నీటి వైపు ముందుగా మొరాయిస్తుంది. ఇసుక రేణువు ఒకటి సిరామిక్ బిళ్లల మధ్య దూరితే గీత పడుతుంది. ఇక కార్ట్రిడ్జి మొత్తం మార్చాల్సిందే, అదీ ఆ కంపెనీదే దొరకాలి. పాత బిబ్ కాక్‌కైతే వాషర్ మార్చితే చాలు, మూలమీది షాపులో కూడా దొరుకుతుంది. బోరు నీటి ఇంట్లో బకెట్ దగ్గర మర నల్లాయే మేలని నా గట్టి అభిప్రాయం. సిరామిక్ మిక్సర్ ముచ్చటను వాష్‌బేసిన్ దగ్గర తీర్చుకోవచ్చు, ముందు ఒక జల్లెడ ఫిల్టర్ పెట్టుకుని.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో కథ. వాష్‌బేసిన్ అంచు సాధారణంగా నేల నుంచి 32 అంగుళాల ఎత్తులో ఉంటుంది. గోడ నల్లా మూతి ఆ అంచుకు నాలుగు నుంచి ఆరు అంగుళాల పైన ఉంటే చెయ్యి హాయిగా పడుతుంది. పడే ఎత్తు రెట్టింపైతే నీటి చుక్క శక్తి కూడా రెట్టింపవుతుంది, చొక్కా తడుస్తుంది. మూతి పొడవు కూడా ముఖ్యమే: ధార జాలీ మీదో, దానికి కాస్త ముందుకో పడాలి. పొట్టి మూతి కొంటే బేసిన్ వెనక గోడకు చేతులు గీరుకుంటూ కడుక్కోవాలి.

బకెట్ నల్లా విషయంలో చాలామంది పట్టించుకోనిది గాలి సందు. మూతి బకెట్ అంచుకు పైనే ఉండాలి. రబ్బరు గొట్టం తగిలించి దాని కొసను బకెట్ నీళ్లలో ముంచి వదిలేస్తే, ట్యాంకు ఖాళీ అయి పైపులో పీల్పు పుట్టినప్పుడు సబ్బు నీళ్లు వెనక్కి ఎక్కగలవు. నీళ్లు వచ్చిపోయే ఊళ్లలో ఇది ఊరికే భయపెట్టే మాట కాదు.

వాల్ మిక్సర్ రెండు కాళ్ల మధ్య దూరం ఆరు అంగుళాలు, ఎడమ వేడి, కుడి చల్లన. మేస్త్రీ ఎల్బోలను అర అంగుళం అటూ ఇటూ పెట్టినా ఎస్ ఆకారపు కప్లర్లు సర్దుకుంటాయి. గోడలో దాగే కన్సీల్డ్ బాడీకి అంత దయ లేదు. దాని మీద లోతు గుర్తు ఉంటుంది. పూత, గమ్ము, టైలు కలిసి ఎంత మందమవుతాయో ముందే కూడి గాడి కొట్టాలి. తక్కువైతే బాడీ టైలు బయటికి పొడుచుకొస్తుంది, ఎక్కువైతే పిడి అందదు. నాలుగున్నర అంగుళాల అర ఇటుక గోడలో మూడంగుళాల గాడి కొడితే మిగిలేది గోడ కాదు, పెంకు. అలాంటి చోట బయటికి కనిపించే మిక్సర్ పెట్టుకోవడమే తెలివి.

టైల్స్ మేస్త్రీ రాకముందే కొసలకు డమ్మీలు బిగించి, చేతి పంపుతో లైన్లలో ఒత్తిడి ఎక్కించి, ఒక రాత్రి వదిలేయమని ప్లంబర్‌కు చెప్పండి. పొద్దున్నే పంపు గేజి ముల్లు కిందికి దిగి ఉంటే లీకు టైలు కింద కాక ఇప్పుడే దొరుకుతుంది. టేపు పక్కన పెట్టి గోడ ఫొటోలు తీసుకోండి, తర్వాత టవల్ రాడ్‌కు డ్రిల్ వేసేవాడు అడుగుతాడు.