పేరు లేని సరస్సుల సాక్ష్యం

226వ నంబరు సరస్సు ఆకారం ఢమరుకంలా ఉంటుంది. రెండు వైపులా వెడల్పాటి నీరు, మధ్యలో సన్నటి నడుము. 1973లో కెనడా శాస్త్రవేత్తలు ఆ నడుము దగ్గర మందపాటి ప్లాస్టిక్ తెర ఒకటి అడ్డంగా దించారు. అడుగున బురదలోకి, ఒడ్డున రాతికి దాన్ని గట్టిగా బిగించి, ఒక సరస్సును రెండు చేశారు. ఒక సగంలో కర్బనం, నత్రజని కలిపారు. రెండో సగంలో ఆ రెండింటికీ తోడు భాస్వరం కూడా వేశారు. ఆ తర్వాత విమానంలోంచి ఫొటో తీస్తే, భాస్వరం పడిన సగం పచ్చరంగు పోసినట్టు నాచుతో నిండి ఉంది. తెరకు ఇవతలి సగం మాత్రం అడవి సరస్సులకు సహజమైన ముదురు రంగులోనే ఉంది.

నీటి శాస్త్రం గురించి ఏమీ తెలియని మనిషికైనా ఆ ఫొటో చూపిస్తే చాలు, విషయం తెలిసిపోతుంది. ప్రభుత్వాలను ఒప్పించడంలోనూ ఆ ఫొటో పనికొచ్చింది.

ఆ సరస్సు కెనడాలోని ఆంటారియో ప్రావిన్స్ వాయవ్య మూలన, కెనోరా పట్టణానికి దగ్గరి అడవుల్లో ఉంది. గ్రానైట్ రాతినేల మీద హిమానీనదాలు తొలిచి వదిలిన గుంటలు అక్కడ వేలల్లో ఉన్నాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేవు, పొలాలు లేవు, ఊళ్లూ లేవు. అందుకే ఆ ప్రాంతాన్ని ఎంచుకుని 1968లో అక్కడ ‘ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియా’ అనే పరిశోధన కేంద్రాన్ని మొదలుపెట్టారు. 58 చిన్న సరస్సులను పరిశోధన కోసం ప్రత్యేకించారు. వాటిని పిలిచేది నంబర్లతోనే. చెరువునే ప్రయోగశాలగా తీసుకుని, మొత్తం నీటినీ చేపలతో, పురుగులతో, నాచుతో సహా ఒకేసారి పరీక్షించే చోటు ప్రపంచంలో ఇలాంటిది మరొకటి దొరకడం కష్టం.

ఇంత దూరం వెళ్లాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? 1960లలో అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ సరస్సు నాచుతో కుళ్లిపోతోంది. చచ్చిన నాచు అడుగుకు చేరి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఊపిరాడక చేపలు చస్తాయి. పత్రికలు ఈరీని చచ్చిన సరస్సు అని రాశాయి. బట్టల సబ్బు పొడుల్లోని ఫాస్ఫేట్ల మీద చాలామందికి అనుమానం ఉండేది. సబ్బుల పరిశ్రమ ఒప్పుకోలేదు. నాచు పెరగడానికి అసలు కారణం కర్బనమేనని వాదించింది. ఆ వాదనకు ఆధారాలు లేకపోలేదు. సరస్సు నీటిని సీసాల్లో పట్టి, ఒక్కో పోషకాన్నీ కలిపి చూసిన ప్రయోగాల్లో కర్బనం వేసినప్పుడు నాచు బాగా పెరిగింది.

సీసాలో జరిగింది అబద్ధం కాదు. కానీ అది సీసా సంగతి.

డేవిడ్ షిండ్లర్ ఆ కేంద్రంలో పరిశోధనలకు సారథ్యం వహించే నాటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. కర్బనం చాలా తక్కువగా ఉన్న 227వ సరస్సును ఆయన బృందం ఎంచుకుంది. 1969 నుంచి అందులో భాస్వరం, నత్రజని వేశారు. కర్బనం మాత్రం చిటికెడు కూడా వేయలేదు. సబ్బుల పరిశ్రమ చెప్పిందే నిజమైతే ఆ సరస్సులో నాచు పెరగకూడదు. కానీ కొన్ని వారాల్లోనే నీరు పచ్చబడింది. కావలసిన కర్బనాన్ని నాచు గాలిలోంచి నీటిలోకి కరిగే కార్బన్ డయాక్సైడ్ నుంచి తెచ్చుకుంది. సీసాకు మూత ఉంది, సరస్సుకు మూత లేదు. ఇంత చిన్న తేడా వల్ల ఒక పరిశ్రమ వాదన మొత్తం వీగిపోయింది.

మిగిలిన సందేహాన్ని నాలుగేళ్ల తర్వాత ఆ ఢమరుకం సరస్సు తీర్చింది. ఆ ఫొటోతో షిండ్లర్ వ్యాసం 1974లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అప్పటికే కెనడా సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్‌కు పరిమితులు పెట్టడం మొదలుపెట్టింది. 1972లో రెండు దేశాలూ ఈరీ కూడా ఉన్న మహా సరస్సుల నీటి నాణ్యత మీద ఒప్పందం చేసుకున్నాయి. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో భాస్వరాన్ని తొలగించే ఏర్పాట్లు వచ్చాయి. ఈరీ కొంత కోలుకుంది కూడా. తర్వాతి దశాబ్దాల్లో పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులతో నాచు మళ్లీ తిరగబెట్టింది. 2014 ఆగస్టులో నాచు విషం వల్ల ఒహాయో రాష్ట్రంలోని టొలీడో ప్రాంతంలో నాలుగు లక్షల మందికి పైగా కొన్ని రోజులు కుళాయి నీళ్లు తాగలేకపోయారు.

ఈ భాస్వరం కథ కొల్లేరు చుట్టుపక్కల వాళ్లకు కొత్తది కాదు. అక్కడి చేపల చెరువుల్లో రైతులు పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ వేసేది నీటికి పచ్చరంగు తేవడానికే. ఆ పచ్చదనమే ప్లాంక్టన్, అదే బొచ్చె, శీలావతి పిల్లలకు మేత. చెరువు కట్ట లోపల అది పంట. ఆ నీటిని కాలువలోకి వదిలినప్పుడు అదే భాస్వరం సరస్సులో నాచుకీ గుర్రపుడెక్కకీ బలమవుతుంది. కట్టకు ఇవతల మేలు చేసే వస్తువే అవతల హాని ఎలా చేస్తుందో 227వ సరస్సు యాభై ఏళ్ల కొలతలతో చూపించింది.

యాభై ఏళ్లన్నది మాటవరసకు అన్నది కాదు. 227వ సరస్సులో ప్రయోగం అన్నేళ్లు ఆగకుండా సాగింది. 1990లో నత్రజని వేయడం మానేసి, భాస్వరం ఒక్కటే వేస్తూ పోయారు. నాచు తగ్గలేదు. గాలిలోని నత్రజనిని పట్టుకోగల నీలిఆకుపచ్చ నాచు రకాలు లోటు భర్తీ చేశాయి. ఒక్క భాస్వరాన్ని అదుపు చేస్తే చాలునా, నత్రజనిని కూడా తగ్గించాలా అన్న చర్చ శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తూనే ఉంది, ముఖ్యంగా నదులు సముద్రంలో కలిసే చోట్ల విషయంలో. ఆ చర్చలో ఎటువైపు ఉన్నవాళ్లయినా ఈ సరస్సు లెక్కల జోలికి వెళ్లకుండా మాట్లాడలేరు.

223వ సరస్సు సంగతి ఇంకా బాధాకరం. ఫ్యాక్టరీల పొగతో కురిసే ఆమ్ల వర్షాల మీద వాదాలు నడుస్తున్న కాలం అది. 1976 నుంచి ఆ సరస్సులో ఏటా కొద్దికొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతూ నీటి పీహెచ్‌ను 6.8 దగ్గర నుంచి 5కు దించారు. అక్కడి పెద్ద చేప లేక్ ట్రౌట్. ప్రయోగశాల తొట్టిలో ఆ చేప అంతటి ఆమ్లాన్నీ తట్టుకుంటుందని అప్పటికి తేలింది. సరస్సులోనూ తట్టుకుంది. కానీ ఆమ్లం ట్రౌట్‌కు హాని చేసేంత పెరగకముందే మైసిస్ అనే రొయ్యలాంటి చిన్న జీవి కనుమరుగైంది. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే వేలెడంత చేపకు పిల్లలు పుట్టడం ఆగిపోయింది. ఆ రెండూ ట్రౌట్‌కు తిండి. ప్రయోగం మొదట్లో తీసిన ఫొటోలో ట్రౌట్ నిండుగా, బొద్దుగా ఉంది. కొన్నేళ్ల తర్వాతి ఫొటోలో అదే జాతి చేప తల పెద్దది, ఒళ్లు ఎండు కట్టె. దాన్ని అలా ఎండగట్టింది ఆమ్లం కాదు, ఆకలి. తొట్టిలో ఎవరో ఒకరు వేళకు మేత వేస్తారు కాబట్టి తొట్టి ఈ సంగతి చెప్పలేకపోయింది.

బతికి ఉన్న సరస్సులో తెలిసి తెలిసి ఆమ్లం పోయడమేమిటని ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అది సహజం. కానీ అప్పటికే ఆమ్ల వర్షం ఎవరి అనుమతీ లేకుండా, ఎవరూ కొలవకుండా వేల సరస్సుల మీద కురుస్తోంది. లెక్కలు రాసుకుంటూ ఒక్క చిన్న సరస్సులో చేసిన ఈ పని మిగతా వాటి తరఫున సాక్ష్యమైంది. ఆమ్లం తగ్గించాక చిన్న చేపలు తిరిగి రావడం కూడా ఆ సరస్సులోనే చూశారు.

అలాంటి కథే 260వ సరస్సుది. గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజన్ మనిషి ఒంట్లోంచి మురుగులోకి, మురుగులోంచి నదుల్లోకి చేరుతుంది. 2001 నుంచి మూడు వేసవులు ఈ సరస్సులో దాన్ని లీటరుకు 5, 6 నానోగ్రాముల చొప్పున ఉండేలా కలిపారు. నానోగ్రామ్ అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. అంత కొంచానికే మగ మిన్నోల ఒంట్లో గుడ్ల ప్రోటీన్ తయారవడం మొదలైంది. కొన్నిటి వృషణాల్లో గుడ్ల కణాలు కనిపించాయి. కేరెన్ కిడ్ నాయకత్వంలోని బృందం 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ జాతి ఆ సరస్సులో దాదాపు అంతరించే దశకు చేరింది. మళ్లీ మిన్నోలను తినే ట్రౌట్ కూడా తగ్గింది. మందు వేయడం ఆపాక కొన్నేళ్లకు మిన్నోలు తిరిగి పెరిగాయి.

ఏమీ కలపకుండా వదిలేసిన సరస్సులు కూడా ఉన్నాయి. వాటిలో 239వది ముఖ్యం. మంచు ఎప్పుడు గట్టిపడింది, ఎప్పుడు కరిగింది, నీరు ఎంత లోతు దాకా వేడెక్కింది, వాగులు ఎంత తెచ్చాయి అన్నవి ఏటా రాసుకోవడమే అక్కడి పని. విసుగు పుట్టించే పనే అయినా, ఆ విసుగును ఓర్చుకున్నవాళ్ల వల్లే 1990లో ఒక పెద్ద సంగతి బయటపడింది. అప్పటికి 20 ఏళ్లలో అక్కడి గాలి, సరస్సు నీరు 2 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాయి. మంచు లేని కాలం 3 వారాలు పెరిగింది. వానలు తగ్గి, ఆవిరి ఎక్కువై, సరస్సుల్లోకి కొత్త నీరు రావడం మందగించింది. అడవులు కాలిపోవడంతో గాలులకు అడ్డు లేకుండా పోయింది. నీరు తేటబడి, ఎండ లోతుకు దిగి, పైనున్న వెచ్చటి పొర మందమెక్కింది. అడుగున చల్లదనం కోసం వెతుక్కునే జీవులకు చోటు తగ్గింది. ఆ జీవులు మరేవో కావు, లేక్ ట్రౌట్, మైసిస్. 223లో ఆమ్లం చేసిన పనినే ఇక్కడ ఎండ మరో దారిలో మొదలుపెట్టింది. ఆ ఇరవై ఏళ్ల మార్పు మొత్తాన్నీ భూతాపం ఖాతాలో వేయడానికి పరిశోధకులు తొందరపడలేదు. ముందు రాబోయే దానికి ఇది మచ్చుతునక కావచ్చని మాత్రమే అన్నారు.

ఇంతటి చోటును 2012లో కెనడా ప్రభుత్వం మూసేస్తామని ప్రకటించింది. శాస్త్రవేత్తలు, మామూలు పౌరులు కలిసి గట్టిగా ఎదిరించారు. చివరకు ఆంటారియో ప్రభుత్వం ముందుకొచ్చింది. 2014 ఏప్రిల్‌లో సుస్థిరాభివృద్ధి మీద పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థ దాని నిర్వహణ చేపట్టింది.

అప్పటికి 658వ సరస్సులో ఒక ప్రయోగం సగంలో ఉంది. 2001 నుంచి ఏడేళ్లపాటు సరస్సులోనూ, చుట్టూ ఉన్న అడవిలోనూ, చిత్తడి నేలలోనూ పాదరసాన్ని వేర్వేరు ఐసోటోపుల రూపంలో చల్లారు. ఒక చేప ఒంట్లో పాదరసం దొరికితే, అది నీటిలో వేసిందో అడవిలోంచి కొట్టుకొచ్చిందో గుర్తుపట్టడానికే ఈ ఏర్పాటు. తర్వాత చల్లడం ఆపేసి, చేపలను ఎనిమిదేళ్లు పరీక్షిస్తూ వచ్చారు. గేట్లు అనుకున్నట్టే మూసి ఉంటే ఆ ఎనిమిదేళ్లూ పూర్తయ్యేవి కావు. 2021 చివర్లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. సరస్సులో కలిపిన పాదరసం చిన్న చేపల్లో త్వరగా పడిపోయింది. చేపలను వేటాడే పైక్ చేపల్లో 76 శాతం, వైట్‌ఫిష్‌లో 38 శాతం తగ్గింది. ముసలి చేపల ఒంట్లో చేరిన పాదరసం అంత తేలిగ్గా వదల్లేదు. పాదరసం చల్లడం ఆగాక పుట్టిన పిల్లలు మాత్రం శుభ్రమైన మేత తిని పెరిగాయి.