పాతదని తేల్చేదెవరు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మర్నాడు పొద్దున అది ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. కీబోర్డు అరగలేదు, తెర మసకబారలేదు. బయటపడ్డ భద్రతా లోపాలకు నెలనెలా ఉచితంగా అందే మరమ్మతు మాత్రం ఆగింది. మరో ఏడాది అప్‌డేట్లు తీసుకునే దారి ఒకటి చూపించారు గానీ, అది వాయిదాయే. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే, కొద్ది మినహాయింపులు పోగా, ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో కావాలి. 2017కి ముందు కొన్న ల్యాప్‌టాప్ ఎంత చక్కగా పనిచేస్తున్నా ఇంచుమించుగా ఈ లెక్కలో తప్పినట్టే. యంత్రం అరిగిపోయి మూలన పడితే ఎవరినీ అనడానికి లేదు. బాగున్నదాన్ని పాతదని తయారీదారుల క్యాలెండర్ తేల్చేస్తుంటే మాత్రం, ఆ తీర్పును ఒప్పుకోవాలా అని కొన్నవాడు ఆలోచించుకోవాలి. విండోస్ బదులు వాడుకోగల లినక్స్ గురించి మాట్లాడటం ఇక్కడ మొదలుపెట్టడమే సబబు. నల్ల తెర మీద పచ్చ అక్షరాల సినిమా హ్యాకర్లతో దీనికి పనిలేదు.

లినక్స్ 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ చేతిలో మొదలైంది. ఆయన రాసింది కెర్నల్. మెమరీ ఎవరికెంత, ప్రాసెసర్ ఎవరి వంతు అని యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పనులు పురమాయించే మేస్త్రీ అన్నమాట. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ ఈ కెర్నలే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ దీనిమీదే నడుస్తున్నాయి. దీని మూలరచన అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి, దానికి రకరకాల హంగులు చేర్చి ఉబుంటు, డెబియన్, మింట్ వంటివి ఎవరికి వారు తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. వీళ్లలో చాలామందికి కొత్త ల్యాప్‌టాప్ అమ్ముకునే అవసరం లేదు. పాత యంత్రాన్ని ఇంకొన్నాళ్లు నడపడంలో వాళ్లకు నష్టమూ లేదు. మింట్ కనీసంగా అడిగేది 2 జీబీ ర్యామ్, హాయిగా నడవాలంటే 4 జీబీ. అలాగని దీన్ని సంజీవని అనుకోవద్దు. 4 జీబీ ర్యామ్‌లో బ్రౌజర్ ట్యాబులు ఇరవై తెరిస్తే లినక్స్ కూడా మూలుగుతుంది. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే వేగం ఒక్కోసారి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా రాదు.

కొత్తది అలవాటు కాదన్న అభ్యంతరం పెద్దది కాదు. కీప్యాడ్ ఫోను వదిలి స్మార్ట్‌ఫోనుకు అలవాటుపడ్డ వాళ్లం. అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌తోనే. ఫొటోషాప్, ట్యాలీ లినక్స్‌లో నేరుగా నడవవు. వర్డ్ ఫైళ్లను లిబ్రేఆఫీస్ తెరుస్తుంది గానీ, పట్టికలూ ఫాంట్లూ అక్కడక్కడ చెదురుతాయి. మన డీటీపీ సెంటర్లది మరీ పీటముడి. శుభలేఖల నుంచి పుస్తకాల దాకా ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చిన ఫైళ్లవి. ఆ ఫాంటు లేకపోతే అందులోని తెలుగు పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. వాటిమీదే బతుకుతున్నవాళ్లు లినక్స్‌కి మారకపోవడమే మంచిది. అయితే ఆ సంకెల సగం ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు, యూనికోడ్ కాని అక్షరాలది. యూనికోడ్ తెలుగు రాసేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డులు మూడూ లినక్స్‌లో దొరుకుతాయి. పోతన, వేమన ఫాంట్లూ పనిచేస్తాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ మెనూలతో సహా తెలుగులో కనిపించే లినక్స్‌నే తయారుచేసింది.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కి మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కి వెళ్లాలని తీర్మానించింది కదా అని అడుగుతారు. నిజమే. వేల మంది ఉద్యోగులు, వందల రకాల ఫారాలు, పై కార్యాలయాల ఫైళ్లు ఉన్నచోట మార్పు ఎంత కష్టమో ఆ ఉదాహరణ చెబుతుంది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం ఇప్పుడు లినక్స్ వైపు నడుస్తోంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటున్నది ఏళ్లుగా లినక్స్ మీదే. ఇంట్లో బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలు, పిల్లల చదువు తప్ప వేరే పని లేని ల్యాప్‌టాప్‌కి మ్యూనిక్ కష్టాలు ఉండవు.

నా మాట మీద నమ్మకంతో మారనక్కర్లేదు. ముందు మీ ఫొటోలూ ఫైళ్లూ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్‌కి విండోస్ బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే దాని రికవరీ కీ రాసి దగ్గర పెట్టుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్‌ని ఎక్కించి, దానితోనే ల్యాప్‌టాప్ ఆన్ చేయండి. ఇన్‌స్టాల్ నొక్కకుండా వైఫై, స్పీకర్లు, కెమెరా, ప్రింటర్ ఒక్కొక్కటీ పరీక్షించండి. కొన్ని వైఫై చిప్పులు మొండికేస్తాయి, ఆ సంగతి ఇక్కడే తెలిసిపోతుంది. నచ్చకపోతే షట్‌డౌన్ చేసి పెన్‌డ్రైవ్ తీసేయండి. మళ్లీ ఆన్ చేస్తే మీ విండోస్ ఉన్నచోటే ఉంటుంది.