వార్తలలో పదము: 15–15 నియమము

మొదటి రకపు మధుమేహమున క్లోమగ్రంథి యందలి బీటా కణములు శరీర రక్షణ వ్యవస్థ చేతనే నశించి, ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపు లుప్తమగును గనుక, 1922లో టొరంటో నగరమున ఒక బాలునకు తొలిసారిగా ఇయ్యబడిన నాటినుండి ఆ యౌషధమే యీ రోగులకు ప్రాణాధారమైనది. అయితే సూదిమందు మోతాదు మించినను, భోజనము ఆలస్యమైనను, శ్రమ యధికమైనను రక్తమందలి చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకంటె దిగజారి చెమట, వణకు, గుండెదడ, మతిభ్రమ కలుగవచ్చును. అట్టి తరుణమున త్వరగా జీర్ణమగు పిండిపదార్థము 15 గ్రాములు, అనగా ఒక పెద్ద చెంచాడు పంచదార గాని, అరకప్పు పండ్లరసము గాని, గ్లూకోజు బిళ్లలు గాని పుచ్చుకొని, 15 నిమిషములు వేచి, రక్తమును పరీక్షించి, చక్కెర యింకను 70కి లోబడియున్నచో మరల పుచ్చుకొనుటయే యీ నియమము.

తీపి యనగానే మన యిండ్లలో మైసూరుపాకు అందింప తోచును; అందలి నేయి చక్కెర రక్తమున చేరుటను మందగింపజేయును గావున ఆపత్సమయమున నది తగదు. చక్కెరలేని డైట్ పానీయము అసలే పనికిరాదు. స్పృహ తప్పినవారి నోట నేదియు పోయరాదు. రక్తమందలి చక్కెరను పెంచు గ్లూకగాన్ మందు ఉన్నచో నిచ్చి, తక్షణమే వైద్యసహాయము కోరవలెను. ఈ మధుమేహము గల బాలలున్న ప్రతి తరగతిలోను ఉపాధ్యాయులకు ఈ నియమము తెలిసియుండవలెనని నా దృఢాభిప్రాయము. పసివారికి మాత్రము పిండిపదార్థపు మోతాదును తగ్గించి వైద్యుడే నిర్ణయించును.