పొరుగామె మందు మనకి పడుతుందా?

పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత కూరకే కాదు, మందుకీ వర్తిస్తుంది. విజయవాడ సూర్యారావుపేటలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గర ఓ గంట కూర్చుంటే చాలు, ఈ సంగతి తెలిసిపోతుంది. గుడివాడ వైపు నుంచి వచ్చినావిడా, కైకలూరు వైపు నుంచి వచ్చినావిడా మొదట ఒకరినొకరు చూడనట్టే కూర్చుంటారు. ఒకావిడ కొంగు సర్దుకుంటుంటే మోచేతి మీద తెల్లటి పొలుసులు కనిపిస్తాయి. రెండో ఆవిడకి ప్రాణం లేచొస్తుంది. "మీకూ ఇదేనా అండీ?" అంటుంది. ఇక మాటలకి అంతుండదు.

"నాకు వారానికోసారి బిళ్లలు. వేసుకున్న మర్నాడంతా వికారం."

"నాకు ఇంజెక్షన్లండీ. మూడు నెలల్లో మచ్చ కూడా లేదు."

మొదటావిడ మొహం చిన్నబోతుంది. "మరి మా డాక్టరు నాకెందుకు రాయలేదు?" అంటుంది.

సోరియాసిస్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకరోజు వచ్చే ప్రశ్నే ఇది. బిళ్ల మంచిదా, సూది మంచిదా? నిజానికి ప్రశ్న అలా వేస్తే జవాబు దొరకదు. ఎవరి ఒంటికి, ఎవరి వయసుకి, ఎవరి సంసారానికి ఏది నప్పుతుందని అడిగితేనే దొరుకుతుంది.

అంటుకునేది కాదమ్మా!

ముందు ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, ఒకే తువ్వాలు వాడినా రాదు. మన చర్మం కింద కొత్త కణం పుట్టి పైకొచ్చి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి తొందరపెడితే ఆ పని నాలుగైదు రోజుల్లోనే జరిగిపోతుంది. పాతవి రాలకముందే కొత్తవి వచ్చి పొలుసులు కడతాయి. జబ్బు కనిపించేది పైన, మూలం లోపల. అందుకే మచ్చలు తక్కువుంటే పైపూతతో సరిపెట్టినా, ఎక్కువైతే లోపలికి మందు వెళ్లాలి.

ఇంత చెప్పినా శ్రావణమాసం పేరంటంలో కాళ్లకి పసుపు రాయించుకోవాలంటే వెనక్కి తగ్గే ఆడవాళ్లు ఎందరో. పాదాల మీద మచ్చలు చూసి పసుపు రాసే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందే, ఆ క్షణం చేసే గాయం జబ్బు కన్నా పెద్దది. సూదితో మచ్చలు పోయాయన్న మాట వినగానే మనసు అటు పరుగెత్తడంలో ఆశ్చర్యం లేదు.

ఆ బిళ్ల వెనక మనవాడు

వారానికోసారి వేసుకునే ఆ బిళ్ల పేరు మెథోట్రెక్సేట్. దీని పుట్టుక వెనక ఉన్నది 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ముందు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత ఆ ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే మందుల్ని రూపొందించింది. వాటిలోంచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఆయన 1948లో కన్నుమూశారు. 1951లో గబ్నర్ అనే అమెరికా డాక్టరు, కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇస్తున్నప్పుడు సోరియాసిస్ మచ్చలు కూడా తగ్గడం గమనించి రాశారు. ఈనాడు డాక్టరు చీటీలో మెథోట్రెక్సేట్ పక్కనే ఫోలిక్ ఆమ్లం బిళ్ల కూడా ఉంటుంది. వికారం, నోటిపూత తగ్గడానికి అది. అంటే ఆ చీటీలో రెండు మందులూ మన గోదావరి బిడ్డ చలవే!

చవక, ఏళ్ల తరబడి వాడి చూసినది, కీళ్లనొప్పులకీ కొంత పనిచేస్తుంది. అయితే ప్రాణం మీదకి తెచ్చే పొరపాటు ఒకటి ఇందులోనే ఉంది. ఇది వారానికి ఒక్కరోజు మందు. బీపీ బిళ్లలాగా రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, మనిషి దక్కడమే కష్టమవుతుంది. చీటీలో "వారానికోసారి" అని ఉన్నా, షాపులో హడావిడిగా చెప్పేది సరిగ్గా వినిపించకపోవచ్చు. అందుకే వారాన్ని తెలుగులో రాయించుకోండి. గోడ మీది వెంకట్రామా క్యాలెండరులో ఆ రోజుకి సున్నా చుట్టండి. అత్తగారికో మామగారికో ఇచ్చేటట్లయితే ఆ డబ్బా విడిగా పెట్టండి.

ఈ మందు వాడేవారికి రక్తపరీక్ష, లివరు పరీక్ష క్రమం తప్పకూడదు. మందు తాగే అలవాటున్న మగవారికి ఇది పడదు. స్థూలకాయం, షుగరు, లివరులో కొవ్వు ఉన్నవారికి జాగ్రత్త ఎక్కువ కావాలి. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే మందు ఒంట్లోనే నిలవుండిపోతుంది. ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిన మనకి ఈ ముక్క వేరే చెప్పనక్కరలేదు. నొప్పి బిళ్లలు, కోట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా బిళ్లలు డాక్టరుని అడక్కుండా దీంతో కలపకూడదు.

బిళ్లల్లో ఇంకా రకాలున్నాయి. అప్రెమిలాస్ట్ రోజుకి రెండుసార్లు వేసుకోవాలి. దీనికి తరచు రక్తపరీక్షల బెడద లేదు. మొదట్లో విరేచనాలు, వికారం, తలనొప్పి రావచ్చు. కొందరికి మనసు దిగులుగా ఉంటుంది. అది దాచుకోకుండా డాక్టరుకి చెప్పాలి.

సూదులన్నీ ఒకటి కావు

"ఇంజెక్షను" అన్న ఒక్క మాట వెనక మూడు వేరు వేరు సంగతులున్నాయి. మొదటిది, మెథోట్రెక్సేటే సూది రూపంలో. బిళ్లతో వికారం తట్టుకోలేనివారికి డాక్టర్లు ఇలా మారుస్తారు. మందు అదే, దారి వేరు.

రెండోది, బయలాజిక్స్ అనే ఖరీదైన కొత్త మందులు. అడాలిమ్యుమాబ్, సెక్యుకినుమాబ్ లాంటివి. ఒంట్లో మంట రగిలించే ఒకే ఒక్క సంకేతాన్ని పట్టి ఆపుతాయి. ఇవి బాగా పనిచేస్తాయన్నది నిజమే. 2008లో ప్రచురించిన ఛాంపియన్ అనే పరీక్షలో 271 మందిని చూశారు. 16 వారాలకి జబ్బు నాలుగింట మూడు వంతులు తగ్గినవారు అడాలిమ్యుమాబ్ సూదితో నూటికి 80 మంది దాకా ఉన్నారు. మెథోట్రెక్సేట్ బిళ్లతో 36 మంది. అంటే బిళ్లతోనే మేలు పొందినవారు ముగ్గురిలో ఒకరికి పైగా ఉన్నారు. సూదితో అంత మేలు కాని వారూ ఐదుగురిలో ఒకరున్నారు. ఈ లెక్కలో మనం ఎటువైపు ఉంటామో వాడి చూస్తేగానీ తెలీదు.

సూదికి ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష, హెపటైటిస్ పరీక్ష తప్పనిసరి. ఒంట్లో నిద్రపోతున్న క్షయ ఈ మందుతో లేచే ప్రమాదముంది. ఉందని తేలితే ముందు దానికి మందు వాడాలి. ఇక ఖర్చు వేలల్లో ఉంటుంది. 2014 డిసెంబరులో మన దేశపు జైడస్ కంపెనీ అడాలిమ్యుమాబ్‌ని బాగా తక్కువ ధరకి తెచ్చాక కొంత నయమైంది కానీ, కౌలురైతు ఇంటికి అది ఇప్పటికీ భారమే. డబ్బు ఉన్నప్పుడు వేయించుకుని లేనప్పుడు మానేస్తే, ఒళ్లు కొన్ని మందులకి ఎదురుతిరగడం నేర్చుకుని, తర్వాత అవి పనిచేయకపోవచ్చు. మొదలుపెట్టే ముందే ఏడాది ఖర్చు లెక్కేసుకోవాలి.

ఫ్రిజ్ సంగతీ ఉంది. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. బెజవాడలో కొని మే నెల ఎండలో అవనిగడ్డ బస్సెక్కేవారు ఐసు డబ్బాలో, ఐసు నేరుగా తగలకుండా తీసుకెళ్లాలి. కరెంటు పోతే ఎక్కడ దాచాలో ముందే అనుకోవాలి.

మూడోది అసలు ప్రమాదం. "ఒక్క సూదితో పోగొడతా" అంటూ పేరు చెప్పకుండా పొడిచే స్టిరాయిడ్ ఇంజెక్షను. వారంలో చర్మం నిగనిగలాడుతుంది. ఆపగానే జబ్బు రెట్టింపై తిరగబడుతుంది. కొందరికి ఒళ్లంతా చీముపొక్కులు లేచి ఆసుపత్రి పాలవుతారు. మందు పేరు రాసివ్వని చోట చెయ్యి చాపకండి.

అమ్మాయిల విషయంలో

మన ఇళ్లలో మింగుడుపడని సంగతి ఇది. పెళ్లి కావలసిన పిల్లకి సోరియాసిస్ ఉందని దాచి, మందు చీటీ కూడా దాచి అత్తారింటికి పంపుతారు. ఆ పిల్ల మెథోట్రెక్సేట్ వాడుతుంటే? కడుపులో బిడ్డకి అది విషంతో సమానం. గర్భం వద్దనుకునే జాగ్రత్తతోనే వాడాలి. బిడ్డ కావాలనుకుంటే ఎన్ని నెలల ముందు ఆపాలో డాక్టరునడగాలి. అసిట్రెటిన్ అనే బిళ్లయితే ఆపాక కూడా 3 ఏళ్ల దాకా గర్భం రాకూడదు. కొన్ని బయలాజిక్ సూదుల్ని మాత్రం అవసరమైతే డాక్టరు సలహాతో గర్భిణులకీ ఇచ్చే వీలుంది. ఇంత తేడా ఉన్నప్పుడు కాబోయే భర్తకి చెప్పకపోతే ఎలా? జబ్బు దాచడం ఒక ఎత్తు, మందు దాచడం ఒక ఎత్తు. రెండోది పుట్టబోయే బిడ్డతో ఆట.

ఏం ఇచ్చిపుచ్చుకోవాలి?

అలాగని పొరుగామెతో మాట్లాడొద్దని కాదు. మాట్లాడండి. ఆవిడ చెప్పే అనుభవం మందుచీటీలో ఉండదు. వికారం వస్తే బిళ్ల రాత్రి పూట వేసుకోవచ్చా అని డాక్టరునడగాలన్న ఆలోచన ఆవిడ దగ్గరే పుడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట ఆగాక పొడిస్తే నొప్పి తక్కువని ఆవిడే చెబుతుంది. పేరంటానికి ధైర్యంగా వెళ్లడం ఎలాగో కూడా ఆవిడే నేర్పుతుంది. అనుభవాలు ఇచ్చిపుచ్చుకోండి, మందులు మాత్రం వద్దు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అడగవలసినవి నాలుగే. నాకు ఈ మందే ఎందుకు? ఏ పరీక్షలు, ఎన్నాళ్లకోసారి? పిల్లల్ని కనే విషయంలో ఏం జాగ్రత్త? ఎన్ని నెలలు చూసి, తగ్గకపోతే ఏం మారుస్తారు? కీళ్లనొప్పులు, పొద్దున్నే వేళ్లు బిగుసుకోవడం ఉంటే అడక్కుండానే చెప్పాలి. దానిమీదే మందు మారిపోవచ్చు.

ఇక మనవాళ్లలో ఎవరికైనా ఈ మచ్చలు కనిపిస్తే, "ఏ మందు వాడుతున్నావ్?" అని అడిగేలోపు, వాయనం ఇచ్చే చేతిని ఆపకుండా చాపండి. దానికి చీటీ అక్కర్లేదు, ఖర్చూ లేదు.