రూట్‌గా మారినా ‘కమాండ్ నాట్ ఫౌండ్’ ఎందుకు?

లైనక్స్ సర్వర్ మీద రూట్ అంటే సర్వాధికారి. ఏ ఫైలునైనా తెరవగలడు, ఏ ప్రాసెస్‌నైనా ఆపగలడు. అలాంటి రూట్‌గా మారి, పాస్‌వర్డ్ సరిగ్గానే ఇచ్చి, ప్రాంప్ట్ చివర డాలర్ గుర్తు పోయి హాష్ గుర్తు వచ్చాక కూడా ‘యూజర్‌యాడ్’ అని కొడితే, ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని జవాబు వస్తుంది. బ్రాంచీల నుంచి ఐటీ విభాగానికి కొత్తగా వచ్చిన అధికారులు తొలి నెలల్లోనే ఎదుర్కొనే చిక్కు ఇది. (కమాండ్ల పేర్లను ఇక్కడ మనం పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడాలని వేరే చెప్పనక్కర్లేదు.)

ఒక సందర్భం ఊహించండి. నెలాఖరు రాత్రి. డెబియన్ కుటుంబానికి చెందిన ఒక సర్వర్‌లో రిపోర్టులు పడే ఫైల్ సిస్టమ్ 98 శాతం నిండింది. డిస్క్‌లో ఖాళీ స్థలం ఉంది, దాన్ని ‘ఎల్‌వీఎక్స్‌టెండ్’ కమాండుతో కలపాలి, అంతే. డ్యూటీలో ఉన్న అధికారి ‘ఎస్‌యూ’ అని కొట్టి రూట్‌గా మారి కమాండ్ ఇచ్చారు. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వచ్చింది. ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాలేదేమోనని అనుమానం. సర్వర్‌కు ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ప్యాకేజీ తెప్పించాలి, దానికి చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, పై అధికారిని నిద్ర లేపి అనుమతి తీసుకోవాలి. ఈలోగా ఫైల్ సిస్టమ్ 100 శాతానికి చేరుతుంది, ఎండ్ ఆఫ్ డే పని ఆగుతుంది. నిజానికి ఆ ప్రోగ్రాము మొదటి నుంచీ ఆ సర్వర్‌లోనే ఉంది. షెల్ దాన్ని వెతకాల్సిన చోట వెతకలేదు.

ముందుగా ఆ సందేశాన్ని ఉన్నది ఉన్నట్టుగా చదవాలి. అధికారం లేకపోతే లైనక్స్ ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. పూర్తి చిరునామా ఇచ్చినా అక్కడ ఫైలు లేకపోతే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటుంది. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటే ఈ రెండూ కాదు. ‘నాకిచ్చిన జాబితాలోని చోట్లన్నీ చూశాను, ఆ పేరుతో ఏమీ కనిపించలేదు’ అని మాత్రమే దాని అర్థం. ప్రోగ్రాము సర్వర్‌లో లేదని అది చెప్పడం లేదు.

ఆ జాబితా పేరు ‘పాత్’. పాత వోచర్ల కట్ట కావాలని రికార్డు రూముకి అటెండరును పంపామనుకోండి. ‘ఒకటి, రెండు, మూడు నంబర్ల ర్యాకులు చూసి రా’ అని చీటీ రాసిస్తే ఆయన ఆ మూడే చూసి ‘లేదండీ’ అంటాడు. కట్ట అయిదో ర్యాకులో ఉంటే తప్పు ఆయనది కాదు, చీటీది. షెల్ కూడా అంతే. పాత్‌లోని డైరెక్టరీలను వరుసగా చూస్తుంది, ముందు ఏది దొరికితే దాన్ని నడుపుతుంది, ఏదీ దొరక్కపోతే చేతులెత్తేస్తుంది.

సాధారణ వాడుకరులకు పనికొచ్చే ప్రోగ్రాములను ‘బిన్’ అనే డైరెక్టరీల్లో, సిస్టమ్ నిర్వహణకు సంబంధించిన వాటిని ‘ఎస్‌బిన్’ డైరెక్టరీల్లో ఉంచడం యూనిక్స్ కాలం నుంచి వస్తున్న అలవాటు. యూజర్‌యాడ్, ఎల్‌వీఎక్స్‌టెండ్, ఎఫ్‌డిస్క్, రీబూట్ ఇవన్నీ ఎస్‌బిన్ బాపతు. డెబియన్‌లో సాధారణ వాడుకరికి ఇచ్చే చీటీలో ఎస్‌బిన్ ఉండదు, రూట్‌కు ఇచ్చే చీటీలో ఉంటుంది.

అసలు మెలిక ఇక్కడే. ‘ఎస్‌యూ’ అని మాత్రమే కొడితే మీరు రూట్ అవుతారు కానీ చీటీ మారదు. మేనేజరు సెలవు పెడితే ఇన్‌చార్జిగా ఆ కుర్చీలో కూర్చున్నా, చేతిలో మన పాత కౌంటరు తాళాల గుత్తే ఉన్నట్టు. హోమ్ డైరెక్టరీ, షెల్ వంటి ఒకటి రెండు విలువలు తప్ప మిగతా ఎన్విరాన్‌మెంట్ అంతా పాత వాడుకరిదే కొనసాగుతుంది. ‘ఎస్‌యూ -’ అని, అంటే పక్కన ఖాళీ వదిలి ఒక హైఫన్ పెట్టి కొడితే, రూట్ కొత్తగా లాగిన్ అయినట్టే లెక్క. పాత ఎన్విరాన్‌మెంట్ దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది, రూట్ ప్రొఫైల్ ఫైళ్లు చదవబడతాయి, కొత్త పాత్ తయారవుతుంది, మీరు రూట్ హోమ్ డైరెక్టరీలోకి చేరతారు.

‘మేం ఏళ్ల తరబడి హైఫన్ లేకుండానే వాడాం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదే’ అని సీనియర్లు అంటే నమ్మండి, వారి మాట నిజమే. డెబియన్ 9 వరకు ఎస్‌యూ ప్రోగ్రాము ‘షాడో’ అనే మూలం నుంచి వచ్చేది. హైఫన్ లేకపోయినా అది పాత్‌ను రూట్‌కు తగినట్టు మార్చేది. 2019 జులైలో విడుదలైన డెబియన్ 10 నుంచి ‘యుటిల్-లైనక్స్’ వారి ఎస్‌యూ వాడుకలోకి వచ్చింది. ఇది హైఫన్ లేకపోతే పాత్‌ను ముట్టుకోదు. అంటే పాత సర్వర్ మీద వేళ్లకు పట్టిన అలవాటు, అప్‌గ్రేడ్ అయిన మర్నాడే పనిచేయకుండా పోయింది. మన దేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లైనక్స్ కూడా డెబియన్ ఆధారంగా తయారైనదే కాబట్టి, ఈ సంగతి తెలిసి ఉండటం మనకూ అవసరం.

నిర్ధారణకు అర నిమిషం చాలు. ‘ఎకో $పాత్’ అని కొట్టి చూడండి. ఎస్‌బిన్ అనే మాట ఎక్కడా కనిపించకపోతే కారణం దొరికినట్టే. డెబియన్‌లో ఇంకో ఆనవాలు కూడా ఉంది, కాస్త నవ్వొస్తుంది. సాధారణ వాడుకరి పాత్ చివర ‘గేమ్స్’ అనే డైరెక్టరీ ఉంటుంది. హాష్ ప్రాంప్ట్ ముందు కూర్చుని పాత్‌లో గేమ్స్ కనిపించిందంటే, రూట్ వేషంలో ఉన్నది ఇంకా మీ పాత వాడుకరే. ఎగ్జిట్ అని బయటికి వచ్చి, హైఫన్‌తో మళ్లీ మారండి. ఒక్క కమాండే అవసరమైతే ‘/యూఎస్ఆర్/ఎస్‌బిన్/యూజర్‌యాడ్’ అని పూర్తి చిరునామా ఇచ్చినా పని జరుగుతుంది.

రెడ్ హ్యాట్ సర్వర్లలో కథ వేరు. అక్కడ సాధారణ వాడుకరి పాత్‌లోనూ ఎస్‌బిన్ ఉంటుంది, కాబట్టి ఎస్‌యూతో ఈ ఇబ్బంది సాధారణంగా రాదు. సుడోతో వస్తుంది. సుడో మీ పాత్‌ను పక్కన పెట్టి, తన సెట్టింగుల్లోని ‘సెక్యూర్_పాత్’ అనే సొంత జాబితాను వాడుతుంది. రెడ్ హ్యాట్ 8, 9 వెర్షన్లలో ఆ జాబితాలో ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్’ మామూలుగా ఉండదు. వెండర్ ఇచ్చిన టూల్‌ను అక్కడ పెడితే, మామూలుగా నడిచేది సుడో పెట్టగానే దొరకదు. ఏది ఫిర్యాదు చేస్తోందో సందేశం మొదట్లోనే ఉంటుంది. ‘బ్యాష్:’ అని మొదలైతే షెల్ పాత్ చూడాలి, ‘సుడో:’ అని మొదలైతే సెక్యూర్_పాత్ చూడాలి. ఈ చిన్న తేడా గమనించక గంటల తరబడి తప్పు ఫైలు దిద్దేవాళ్లు చాలామంది.

ఇక తొందరలో చేసే వైద్యాల గురించి. వీటిలో ఒకటి నిజంగా ప్రమాదకరం: పాత్‌లో చుక్కను, అంటే ‘ప్రస్తుతం ఉన్న డైరెక్టరీ’ని చేర్చడం. బయటి సంస్థలు ఫైళ్లు పంపే అప్‌లోడ్ ఫోల్డరులోకి రూట్‌గా వెళ్లి ‘ఎల్‌ఎస్’ అని కొట్టారనుకోండి. చుక్క పాత్‌లో ముందుంటే, ఆ ఫోల్డరులో ఎవరో ‘ఎల్‌ఎస్’ పేరుతో పెట్టిన స్క్రిప్టు రూట్ అధికారంతో నడుస్తుంది. చుక్కను చివర్లో పెడితే ఫరవాలేదనుకోకండి. హడావిడిలో అక్షరాలు తారుమారై ‘ఎస్‌ఎల్’ అని పడుతుందని ఊహించి, ఆ పేరుతోనే ఉచ్చు పన్నవచ్చు. హైఫన్ లేని ఎస్‌యూలోనూ ఇదే ముప్పు దాగి ఉంది. వాడుకరి హోమ్‌లోని సొంత బిన్ డైరెక్టరీ అతని పాత్‌లో ముందుంటే, అదే జాబితా రూట్‌కూ సంక్రమిస్తుంది.

డెబియన్‌లో ‘/ఈటీసీ/లాగిన్.డెఫ్స్’ ఫైలులో ‘ఆల్వేస్_సెట్_పాత్’ను ‘ఎస్’ చేస్తే పాత ప్రవర్తన తిరిగొస్తుంది. కానీ అది పాత్‌ను ఒక్కదాన్నే సరిచేస్తుంది, మిగతా ఎన్విరాన్‌మెంట్ అలాగే వెంట వస్తుంది. నన్నడిగితే ఆ సెట్టింగు జోలికి పోకుండా, హైఫన్‌నే అలవాటు చేసుకోమంటాను.

మిగతా ఎన్విరాన్‌మెంట్ వెంట రావడం అంత పెద్ద విషయమా అంటే, డేటాబేస్ సర్వర్ మీద చాలా పెద్ద విషయం. ఒరాకిల్ వాడుకరిగా మారాల్సినప్పుడు ‘ఎస్‌యూ ఒరాకిల్’ అంటే, ఆ వాడుకరి బ్యాష్ ప్రొఫైల్ చదవబడదు. సాధారణంగా ‘ఎస్‌క్యూఎల్‌ప్లస్’ దొరకదు, అక్కడితో ఆగిపోతాం, నష్టం లేదు. అసలు ప్రమాదం అది దొరికినప్పుడు. ముందు వాడిన లాగిన్‌లో ‘ఒరాకిల్_ఎస్ఐడీ’ అనే విలువ టెస్ట్ పని కోసం ఒక డేటాబేస్‌కు పెట్టి ఉంటే, అదే విలువ కొత్త షెల్‌లోకీ వస్తుంది. ఒకే సర్వర్ మీద రెండు డేటాబేసులు నడుస్తున్నప్పుడు, మనం ఒకటి అనుకుంటూ ఇంకోదానిలో పని చేసే అవకాశం ఉంది. అప్పుడు ఏ ఎర్రర్ సందేశమూ రాదు. ‘ఎస్‌యూ - ఒరాకిల్’ అంటే ఈ వారసత్వం తెగిపోతుంది.

చేత్తో నడిపితే బాగా నడిచి, రాత్రి క్రాన్‌లో పెడితే విఫలమయ్యే స్క్రిప్టులదీ ఇదే జబ్బు. క్రాన్ మీ లాగిన్ ప్రొఫైల్ చదవదు. వాడుకరి క్రాన్‌టాబ్‌కు సాధారణంగా దొరికే పాత్ ‘/యూఎస్ఆర్/బిన్’, ‘/బిన్’ మాత్రమే. లాగ్‌లో ఎగ్జిట్ కోడ్ 127 కనిపిస్తే అది కమాండ్ దొరకలేదని షెల్ చెప్పే అంకె. 126 అయితే దొరికింది కానీ నడపడానికి వీల్లేదు, అప్పుడు పర్మిషన్లు చూడాలి. 127 వచ్చిన చోట స్క్రిప్టు మొదటి వరుసల్లోనే పాత్‌ను స్పష్టంగా రాయండి, లేదా ప్రతి కమాండుకూ పూర్తి చిరునామా ఇవ్వండి. ఆ తర్వాత మీ లాగిన్ నుంచి కాకుండా, ‘ఎన్వ్ -ఐ’ అనే ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో ఒకసారి నడిపి చూసి, అప్పుడు క్రాన్‌కు అప్పగించండి.